ముందు వెలుగు, తరువాతే భూతద్దం

నెల్లిమర్ల రైలు స్టేషనులో ఊరి పేరు రాసిన పసుపు పలకను మీరెప్పుడైనా నిదానంగా చూశారా? విజయనగరం దాటి పలాస వైపు వెళ్లే పాసింజరులో కూర్చున్నవారికి అది కాసేపు కిటికీలోంచి కనబడుతుంది. నాలుగే అక్షరాలు. కాని ఆ నాలుగింటిలో రెండింటికి కింద వత్తులున్నాయి. నెల్లిమర్ల అని తెలుగులో రాయడమంటే రెండంతస్తుల పని అన్నమాట.

ఇప్పుడు ఆ స్టేషనుకు ఒక నమూనా చేయాలనుకోండి. అట్టముక్కలు, అగ్గిపుల్లలు, జిగురు, రంగులు దగ్గర పెట్టుకున్నారు. రైలు నమూనాలు చేసేవారు ప్రపంచమంతటా ఎక్కువగా వాడే కొలత 1:87. అంటే అసలు వస్తువులో 87 సెంటీమీటర్లుంటే నమూనాలో ఒక సెంటీమీటరు. మన బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. అది నమూనాలో సుమారు 19 మిల్లీమీటర్లవుతుంది. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ మనిషి 2 సెంటీమీటర్ల బొమ్మవుతాడు. పలక మీది అక్షరం అసలులో 30 సెంటీమీటర్ల ఎత్తుందనుకుంటే, మీరు రాయవలసింది మూడున్నర మిల్లీమీటర్ల అక్షరం. దాని కింది వత్తు ఒక మిల్లీమీటరు. ఆ వత్తులో గీత మందం మిల్లీమీటరులో నాలుగో వంతు కూడా ఉండదు.

ఇక్కడికి వచ్చేసరికి ఎవరో ఒకరు సలహా చెబుతారు: “లైటున్న భూతద్దం కొనుక్కో. ఎంత పెద్ద నంబరుంటే అంత మంచిది.” బజారులోనూ ఇంటర్నెట్టులోనూ అటువంటివి బోలెడు దొరుకుతున్నాయి. పిడి ఉన్నవి, బల్లకు బిగించేవి, తలకు తగిలించుకునేవి, మెడలో వేసుకునేవి. అన్నిటికీ చుట్టూ చిన్న చిన్న ఎల్.ఇ.డి. దీపాలు. పెట్టె మీద 10 ఎక్స్, 20 ఎక్స్, 30 ఎక్స్ అని పెద్ద అంకెలు. నా అభిప్రాయం అడిగితే ఆ సలహా తలకిందులుగా ఉంది. ముందు చూసుకోవలసింది వెలుగు. ఆ తరువాత అద్దానికీ వస్తువుకూ మధ్య చేతికి దొరికే జాగా. పెద్దదిగా చూపడమన్నది మూడో సంగతి. భూతద్దం అనే పేరే మనల్ని పక్కదారి పట్టిస్తోందేమో! పేరులోనే భూతం ఉంది, దీపం లేదు.

ఎందుకంటారా? మంచి వెలుగులో, ఆరోగ్యంగా ఉన్న కన్ను 25 సెంటీమీటర్ల దూరం నుంచి మిల్లీమీటరులో పదో వంతు ఎడమున్న రెండు గీతలను విడివిడిగా గుర్తించగలదు. అంటే మన వత్తులో గీతను మామూలు కన్నే చూడగలదు. మరి రాత్రి భోజనాలయ్యాక బల్ల ముందు కూర్చుంటే ఎందుకు కనిపించదు? వెలుగు చాలక. వెలుగు తగ్గితే కంటిపాప విచ్చుకుంటుంది. ఎండలో 2 మిల్లీమీటర్లుండేది చీకట్లో 6, 7 మిల్లీమీటర్ల దాకా పెద్దదవుతుంది. పాప పెద్దదైనకొద్దీ కంటి కటకం అంచులనుంచి కూడా కాంతి లోపలికి వస్తుంది. కటకాలలో లోపాలు ఎక్కువగా ఉండేది అంచుల దగ్గరే. అందుచేత రెటీనా మీద పడే బొమ్మ అలుక్కుపోయినట్లవుతుంది.

నమ్మకం కుదరకపోతే ఇప్పుడే ఒక ప్రయోగం చేయండి. పోస్టుకార్డు మందం ఉన్న అట్టముక్కకు గుండుసూదితో ఒక బెజ్జం పొడవండి. ఈ పత్రికను ఆరుబయట, పగటి వెలుగులో, కంటికి 5 సెంటీమీటర్ల దూరంలోకి తెచ్చి చూడండి. అక్షరాలు మసకగా ఉంటాయి. ఇప్పుడు ఆ బెజ్జాన్ని కంటికి ఆనించి, అందులోంచి అదే దూరంలో చూడండి. అక్షరాలు పెద్దవిగా, స్పష్టంగా కనిపిస్తాయి! గాజు లేదు, కటకం లేదు. కంటిపాపను మీరు చేత్తో చిన్నది చేశారు, అంతే. ఇక అదే బెజ్జంతో రాత్రిపూట ఇంట్లో ప్రయత్నించండి. ఏమీ కనబడదు. బెజ్జంలోంచి వచ్చే కాస్త కాంతి చాలదు. వెలుగుంటేనే స్పష్టత అన్న మాటకు ఇంతకంటె చవకైన రుజువు నాకు తెలియదు.

మన కళ్లు ఒక విషయంలో మనల్ని మోసం చేస్తాయి. మధ్యాహ్నపు ఎండలో ఒక వస్తువు మీద పడే వెలుగు సుమారు లక్ష లక్స్‌లుంటుంది. ఒక్క దీపం వెలిగే గదిలో అది వంద లక్స్‌లుంటే గొప్ప. వెయ్యి రెట్ల తేడా! అయినా గదిలోకి రాగానే మనకు “కొంచెం చీకటిగా ఉంది” అని మాత్రమే అనిపిస్తుంది. కన్ను సర్దుకుపోతుంది కాబట్టి మనం లోపాన్ని గుర్తించం. తప్పు కంటిదేమో, అద్దం లేదేమో అనుకుంటాం.

కనుక మొదట కిటికీ. పగలు కిటికీ పక్కకు బల్ల జరపండి. కుడిచేత్తో పని చేసేవారు వెలుగు ఎడమ పక్కనుంచి వచ్చేలా కూర్చోవాలి, లేకపోతే సొంత చేతి నీడ పని మీదే పడుతుంది. రాత్రి చేయక తప్పకపోతే మెడ వంచగల బల్లదీపం ఒకటి చాలు. దీపాన్ని పనికి 60 సెంటీమీటర్ల దూరం నుంచి 30 సెంటీమీటర్లకు తెస్తే వెలుగు రెట్టింపు కాదు, సుమారు నాలుగు రెట్లవుతుంది. ఇది విలోమ వర్గ నియమం. పాఠంలో చదువుకున్నదే. కొత్త దీపం కొనకుండానే నాలుగు దీపాల వెలుగు వచ్చిందన్నమాట.

కరెంటు లేని కాలంలో ఐరోపాలో లేసు అల్లేవారు కొవ్వొత్తికీ పనికీ మధ్య నీళ్లు నింపిన గాజుబుడ్డిని పెట్టుకునేవారు. గుండ్రటి బుడ్డిలోని నీళ్లు కటకంలా పనిచేసి కొవ్వొత్తి వెలుగును ఒకచోటికి చేర్చేవి. గమనించారా? వాళ్లు కటకాన్ని కంటి దగ్గర పెట్టుకోలేదు, దీపం దగ్గర పెట్టుకున్నారు. దారాలతో సన్నని పని చేసి బతికినవారికి మొదట కావలసింది ఏదో బాగా తెలుసు.

సరే, వెలుగు బాగానే ఉంది, ఇంకా అద్దం కావాలనిపిస్తోంది. అప్పుడు ఆ అంకెల సంగతి చూద్దాం.

భూతద్దమంటే కుంభాకార కటకం. దాని బలాన్ని డయాప్టర్లలో చెబుతారు. 100ని డయాప్టర్ల సంఖ్యతో భాగిస్తే నాభ్యంతరం సెంటీమీటర్లలో వస్తుంది. 3 డయాప్టర్ల అద్దానికి 33 సెంటీమీటర్లు, 5 డయాప్టర్లకు 20, 8 డయాప్టర్లకు 12.5. వస్తువును కటకానికి నాభ్యంతరమంత దూరంలోగానీ, అంతకు కాస్త లోపలగానీ పెట్టి చూస్తాం. కాబట్టి కుంచె, బ్లేడు, పట్టకారు, మీ వేళ్లు అన్నీ ఆ దూరంలోనే ఇమడాలి.

మరి “ఎక్స్” అంటే ఎన్ని రెట్లు పెద్దదిగా కనిపిస్తుందో చెప్పే అంకె. 25ను నాభ్యంతరంతో భాగించడం ఒక పద్ధతి. అట్లా వచ్చినదానికి 1 కలపడం మరొక పద్ధతి. రెండూ తప్పు కావు. మొదటిది కన్ను విశ్రాంతిగా ఉండి చూసినప్పటిది, రెండోది కంటిని అద్దానికి ఆనించి, కష్టపెట్టి చూసినప్పటిది. 5 డయాప్టర్ల అద్దం మొదటి లెక్కలో 1.25, రెండో లెక్కలో 2.25. అమ్మేవారికి ఏ లెక్క నచ్చుతుందో వేరే చెప్పాలా!

10 ఎక్స్ అద్దం నాభ్యంతరం రెండున్నర సెంటీమీటర్లు. అంటే అద్దానికీ స్టేషను పలకకూ మధ్య మీకు దొరికే జాగా బొటనవేలి మందానికి కొంచెం ఎక్కువ. అందులో కుంచె ఎలా దూరుతుంది? దూరినా అక్షరం నడిపేటంత వంపు ఎక్కడిది? పైగా బలం పెరిగినకొద్దీ స్పష్టంగా కనిపించే లోతు తగ్గిపోతుంది. పెట్టె పైకప్పు తేటగా ఉంటే చక్రాలు మసకగా ఉంటాయి. డచ్చి దేశస్థుడు లీవెన్‌హుక్ 1670ల్లో పూసంత కటకాలతో సూక్ష్మజీవులను చూశాడు. ఆయన బట్టల వర్తకుడు. పోగులు లెక్కపెట్టడానికి కటకాలు వాడే వ్యాపారం అది. కాని ఆయన తన పూసకటకాన్ని కంటికి దాదాపు ఆనించుకుని చూడవలసి వచ్చింది. చూడడానికి అది చాలు. చేయడానికి పనికిరాదు. మనం కొనబోయేది చేయడానికి.

ఇంకో తమాషా. అరచేయి కంటె వెడల్పుగా ఉన్న భూతద్దం మీద కూడా 10 ఎక్స్, 20 ఎక్స్ అని రాసి అమ్ముతుంటారు. అది నిజమా కాదా అని కొనకముందే, కాగితం మీద తేల్చేయవచ్చు. రెండు పక్కలా సమానంగా ఉబ్బిన మామూలు గాజు కటకానికి నాభ్యంతరం, దాని తలం వ్యాసార్ధం దాదాపు సమానం. 10 ఎక్స్‌కు నాభ్యంతరం 2.5 సెంటీమీటర్లు కావాలి. అంటే తలం 2.5 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న గోళంలో భాగం కావాలి. ఆ గోళం మొత్తమే 5 సెంటీమీటర్ల వెడల్పు! అందులోంచి 10 సెంటీమీటర్ల వెడల్పు అద్దాన్ని ఏ మొనగాడు కోయగలడు? కాబట్టి అటువంటి ఒంటి అద్దం మీద అటువంటి అంకె ఉంటే అది అబద్ధం. లెక్కలు వచ్చిన ఎనిమిదో తరగతి పిల్ల దుకాణంలోనే ఆ మాట చెప్పగలదు.

నాభ్యంతరాన్ని దుకాణంలో కొలవడం కూడా తేలికే. పైకప్పుకున్న ట్యూబులైటు కిందో, కిటికీకి ఎదురుగానో నిలబడి, అద్దాన్ని మీ అరచేతికి పైన పట్టుకుని నెమ్మదిగా దూరం జరపండి. అరచేతిలో ట్యూబులైటు బొమ్మో కిటికీ బొమ్మో తేటగా పడినచోట ఆపి స్కేలుతో కొలవండి. సుమారుగా అదే నాభ్యంతరం. ఈ పని ఎండలో మాత్రం చేయకండి, చెయ్యి కాలుతుంది. గళ్ల కాగితం ఒకటి జేబులో పెట్టుకు వెళితే ఇంకా మంచిది. అద్దంలోంచి చూసినప్పుడు అంచుల దగ్గర గీతలు వంకర తిరిగితే, గీతల పక్కన రంగులు కనిపిస్తే ఆ అద్దాన్ని అక్కడే వదిలేయండి.

పిల్లల విషయంలో మరొక సంగతి చాలామంది పెద్దలు మరచిపోతారు. పదేళ్ల పిల్ల 7, 8 సెంటీమీటర్ల దగ్గర ఉన్నదాన్ని కూడా స్పష్టంగా చూడగలదు. నలభై అయిదు దాటిన మనిషికి 25 సెంటీమీటర్లలోపు చూడడమే కష్టం. 8 సెంటీమీటర్లలో ఉన్న వస్తువు 25 సెంటీమీటర్లలో ఉన్నదానికంటె మూడు రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది గదా. అంటే మీ కంట్లోనే ఒక 3 ఎక్స్ భూతద్దం ఉంది. తాతగారికి అవసరమైన అద్దం మనవడికి అవసరం లేదు. అయితే అంత దగ్గర నుంచి గంటసేపు చూస్తే కంటి కండరాలు అలసిపోతాయి. మెడ పట్టేస్తుంది. తల నీడ పని మీద పడుతుంది. బ్లేడు ముక్కుకు దగ్గరగా ఆడుతుంది. ఇక్కడ అద్దం నిజంగా సాయం చేస్తుంది. వస్తువు నాభి దగ్గర ఉంటే కటకంలోంచి వచ్చే కిరణాలు సమాంతరంగా వస్తాయి. దూరపు కొండను చూస్తున్నట్లు కన్ను హాయిగా ఉంటుంది. మీ వయసువారికి అద్దం ఇచ్చే లాభం పెద్దదిగా చూపడం కాదు, విశ్రాంతి. ఈ లెక్కన కోతకూ అతుకులకూ 5 డయాప్టర్లు, అక్షరాలు రాయడానికి 8 డయాప్టర్లు చాలునంటాను. అంతకు మించినది పని అయ్యాక తప్పులు వెతకడానికి పనికొస్తుంది, పని చేయడానికి కాదు. పైగా బలమైన అద్దం కింద మీ చేతి వణుకు భూకంపంలా కనిపించి భయపెడుతుంది.

ఏ రకం కొనాలి? పిడి ఉన్నది వద్దు, ఒక చెయ్యి దానికే పోతుంది. గడియారాలు బాగుచేసేవారు కంటికి తగిలించుకునే గొట్టపు అద్దం వద్దు. ఒక్క కంటితో చూస్తే లోతు సరిగా తెలియదు, పక్కనే బ్లేడుంటుంది. మెడలో వేసుకునేది మీతోపాటు ఊగుతూ ఉంటుంది. మిగిలినవి రెండు. బల్లకు బిగించే చెయ్యి ఉన్న పెద్ద అద్దం, తలకు తగిలించుకునే రెండు కళ్ల అద్దం. ఒకే చోట కూర్చుని పని చేసుకునేవారికి మొదటిది మేలు. ఇద్దరు ముగ్గురు పిల్లలు ఒకే బల్ల దగ్గర పని చేసే ఇంట్లో రెండోది సుళువు. అయితే అది తలకు బరువుగా ఉండకూడదు. పెట్టుకుని పది నిమిషాలు చూశాకే కొనాలి.

ఇక అద్దం చుట్టూ ఉన్న దీపాల మాట. దీని గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. నెల్లిమర్లలో గోనెసంచి ముక్క దొరకని ఇల్లుండదు, జూట్ మిల్లు పేరు మీద పెరిగిన ఊరు కదా. ఒక గోనె ముక్క తెచ్చి బల్ల మీద పరవండి. అద్దం చుట్టూ ఉన్న దీపాలతో చూడండి. పోగులు చదునుగా, ముగ్గు గీసినట్లు కనిపిస్తాయి. ఇప్పుడు వాటిని ఆర్పి, పక్కనుంచి బల్లమట్టానికి కొంచెం ఎత్తులో టార్చి వేయండి. ప్రతి పోగూ పైకి లేస్తుంది! ఏది ఏ పోగు మీదనుంచి పోతోందో, ఏది కిందనుంచి పోతోందో తెలిసిపోతుంది. సాయంత్రపు ఏటవాలు ఎండలో దుక్కి దున్నిన చేను చాళ్లు ఎలా కనబడతాయో అలాగ. పున్నమినాటి చంద్రుడి మీద గుంటలు సరిగా కనిపించవు. అష్టమినాడు వెలుగు నీడలు కలిసే గీత వెంట స్పష్టంగా కనిపిస్తాయి. కారణం ఒక్కటే: ఎత్తుపల్లాలను చూపేది నీడ. చుట్టూ ఉన్న దీపాలు ఆ నీడను మింగేస్తాయి.

జిగురు గడ్డ కట్టిందా, అతుకు సమంగా ఉందా, ఆకురాయి గీతలు మిగిలాయా అని చూడాలంటే పక్కదీపమే కావాలి. చదునైన పలక మీద అక్షరం రాసేటప్పుడు మాత్రం చుట్టుదీపాలు బాగుంటాయి, కుంచె నీడ పడదు. కనుక అద్దంలోని దీపాలను విడిగా ఆర్పుకునే వీలుండాలి. అది లేనిదాన్ని ఎంత చవకైనా కొనకండి. దీపం లేని మంచి అద్దం, విడిగా ఒక బల్లదీపం కొనుక్కుంటే ఇంకా మేలు. ఒకటి పాడైతే రెండోది మిగులుతుంది కూడా.

రంగు విషయంలో ఏ దీపాన్నీ నమ్మవద్దు. పసుపుపచ్చ కాంతినిచ్చే బల్బు కింద లేత పసుపు, తెలుపు ఒకేలా కనిపిస్తాయి. చవక ఎల్.ఇ.డి.లలో నీలం పాలు ఎక్కువ, ఎరుపు తక్కువ. ఎర్ర రంగులు చచ్చినట్లుంటాయి. స్టేషను పలక పసుపు రాత్రి కలిపితే ఉదయం మరో రంగులో ఉంటుంది. రంగులు పగలే కలుపుకోండి.

ఇవన్నీ చేసినా దగ్గరి గీతలు రెండుగానో మసకగానో కనిపిస్తుంటే, ఒక కన్ను మూస్తేనే బాగా కనిపిస్తుంటే, బడిలో నల్లబల్ల మీది అక్షరాలు ఆనకపోతుంటే, దానికి మందు భూతద్దం కాదు. కళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లి పరీక్ష చేయించుకోవాలి. అద్దంతో నెట్టుకొచ్చే పిల్లల చూపులోపం ఇంట్లోవారికి ఏళ్ల తరబడి తెలియకుండా ఉండిపోతుంది. ఒక కన్ను మందగించి ఉంటే చిన్నతనంలో దొరికితేనే బాగుచేయడం తేలిక. నేను నమూనాల మీద ఇంత చెబుతున్నా, భూతద్దం డబ్బుతో ముందు కళ్లజోడు కొనమనే చెబుతాను. అలాగే ప్రతి ఇరవై నిమిషాలకూ లేచి దూరంగా చూడండి. రోజూ ఆరుబయట ఆడండి. ఆరుబయట గడిపే సమయం ఎక్కువగా ఉన్న పిల్లలకు హ్రస్వదృష్టి తక్కువగా వస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి.

రెండు ప్రమాదాలు. దీపమున్న చిన్న అద్దాలలో బిళ్లల్లాంటి బ్యాటరీలుంటాయి. ఇంట్లో పాకే పిల్లలుంటే అవి విషంతో సమానం. మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల పుండు పడేలా కాల్చగలవు. బ్యాటరీ మూతకు మర ఉన్నదే కొనండి. మింగినట్లు అనుమానం వచ్చినా ఆగకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి.

రెండోది ఎండ. పని ముగించి అద్దాన్ని కిటికీ దగ్గర వదిలేస్తే, ఎండ తిరిగివచ్చినప్పుడు అది కాంతిని ఒకచోటికి చేర్చి కాగితాన్నీ నారనూ అంటించగలదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ పని దానంతట అదే జరుగుతుంది. వాడనప్పుడు అద్దం మీద మందమైన నల్ల నూలుగుడ్డ కప్పి ఉంచండి. దగ్గరుంది కదా అని గోనెముక్క మాత్రం కప్పకండి. దాని కంతల్లోంచి ఎండ దూరుతుంది, అద్దం మీద గీతలు పడతాయి.